యజమాని, ఆసామి, కూలి: వ్యాపార సంస్థల పాఠ్య వర్గీకరణ – కథలాపూర్ పరిసర వ్యవహార చరిత్ర

ప్రవేశిక

బి.కాం. మొదటి సంవత్సరం విద్యార్థి చదివే మౌలిక పాఠ్యాంశాలలో ‘వ్యాపార సంస్థ – నిర్వహణ’ ఒకటి. వ్యాపారమంటే ఏమిటి, పరిశ్రమకూ వాణిజ్యానికీ భేదమేమిటి అన్న ప్రశ్నలతో అది మొదలవుతుంది. సంస్థల రూపాలను వర్గీకరించి, ప్రణాళిక, వ్యవస్థీకరణ, నిర్దేశం, సమన్వయం, నియంత్రణ అనే నిర్వహణ విధులతో ముగుస్తుంది. ఈ చట్రంలో కేంద్రస్థానం సంస్థల రూపాలను గురించిన అధ్యాయానిది. సొంత వ్యాపారం, హిందూ అవిభక్త కుటుంబ వ్యాపారం, భాగస్వామ్యం, సహకార సంఘం, జాయింట్ స్టాక్ కంపెనీ అనే అయిదు రూపాలను యాజమాన్యం, పెట్టుబడి, ఋణబాధ్యత, మనుగడ అనే ప్రమాణాలతో పోల్చి చూపడం అందులో పరిపాటి.

ఈ వర్గీకరణను ఒక ప్రాంతపు చరిత్రతో సరిపోల్చడానికి కథలాపూర్ అనువైన స్థానం. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ మండలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల జిల్లాలో చేరింది. శాసనసభ నియోజకవర్గం మాత్రం వేములవాడ. అందువల్ల పాలన జగిత్యాల వైపు, ప్రాతినిధ్యం సిరిసిల్ల వైపు చూస్తాయి. ఉత్తరాన కోరుట్ల, మెట్‌పల్లి బీడీ కార్ఖానాలు, మల్లాపూర్ మండలం ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఉన్నాయి. దక్షిణాన సిరిసిల్ల మరమగ్గాలు, అక్కడి సహకార విద్యుత్ సంఘం ఉన్నాయి. ఇక్కడి విద్యార్థి పాఠంలో చదివే రూపాలలో చాలావాటిని తన ఊరి చుట్టూ చూడగలడు. అదే సమయంలో పాఠంలో పేరులేని ఒక రూపాన్ని అంతకంటె ఎక్కువగా చూస్తాడు.

ఆ పేరులేని రూపమే ఈ వ్యాసానికి విషయం. పాఠ్యపుస్తకం ‘సంస్థ ఎవరిది?’ అని అడిగి సంస్థకు పేరు పెడుతుంది. ఈ ప్రాంత వ్యవహారభాష ‘ఎవరి సొమ్ము, ఎవరి పని, నష్టం ఎవరిది?’ అని అడిగి మనిషికి పేరు పెడుతుంది. యజమాని, ఆసామి, కూలి అనే మాటలు అలా ఏర్పడినవే. వీటిని వాణిజ్య పరిభాషకు వెలుపల ఉంచడం వల్ల జరిగినది భాషాలోపం మాత్రమే కాదు. ఈ ప్రాంతంలో అత్యధికుల జీవనాధారమైన సంస్థా సంబంధం శాస్త్రానికి కనిపించకుండా పోయింది.

1. పాఠ్య వర్గీకరణ: చట్టమూ పరిభాషా

పాఠంలోని అయిదు రూపాలలో నాలుగింటికి ఆధారం చట్టం. భాగస్వామ్యానికి 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం, కంపెనీకి 1956, 2013 సంవత్సరాల కంపెనీల చట్టాలు, సహకార సంఘానికి 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టమూ 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టమూ మూలాలు. అవిభక్త కుటుంబ వ్యాపారానికి మూలం హిందూ ధర్మశాస్త్రం. మిగిలినది సొంత వ్యాపారం. దానిని సృష్టించే ప్రత్యేక చట్టం ఏదీ లేదు. అంటే ఈ వర్గీకరణలో ‘సొంత వ్యాపారం’ అనేది తక్కిన రూపాలలో ఇమడనివన్నీ వచ్చి చేరే గది. పరిమిత ఋణబాధ్యత భాగస్వామ్యానికి 2008లో, ఏకవ్యక్తి కంపెనీకి 2013లో చట్టరూపం రావడంతో పాఠంలో రూపాల సంఖ్య పెరిగింది. వర్గీకరణ సూత్రం మాత్రం మారలేదు.

ఈ పాఠం తెలుగులోకి వచ్చిన క్రమం కూడా గమనించదగినది. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి అనువాద విభాగాన్ని నెలకొల్పింది. బజారులోనూ కచేరీలోనూ జమ, ఖర్చు, బాకీ, వసూలు, కరారు, జామీను, కార్ఖానా, ఠేకా వంటి మాటలు తెలుగువారి నాలుకపై స్థిరపడ్డాయి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. కళాశాల స్థాయికి తెలుగులో పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ అది సిద్ధం చేసింది. దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఆయన స్వగ్రామం వంగర పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిదే.

పరిభాషా నిర్మాణంలో సంస్కృతం ప్రధాన వనరైంది. ఋణబాధ్యత, భాగస్వామి, వ్యవస్థీకరణ, నిర్వహణ వంటి పదాలు ఆ మార్గంలో స్థిరపడ్డాయి. వీటి అవసరాన్ని కాదనలేము. ఒక భావానికి అన్ని ప్రాంతాలలోనూ ఒకే పదం ఉండాలంటే ఇటువంటి పరిభాష తప్పదు. అయితే ‘వాటాదారు’ వంటి పదంలో పారసీక ప్రత్యయం ‘దారు’ అలాగే నిలిచింది. వ్యవహారంలో ఉన్న మాటకు శాస్త్రగౌరవం ఇవ్వడం పరిభాషకు అసాధ్యం కాదని ఇది చూపుతుంది. ఆ గౌరవం కొన్ని మాటలకు దక్కింది, కొన్నింటికి దక్కలేదు. వాటాదారు పాఠంలో ఉన్నాడు, ఆసామి లేడు.

2. సంభూయ సముత్థానం: పని చేసేవానికి భాగం

వ్యాపార సంస్థ గురించిన ఆలోచన తెలుగులో ఇరవయ్యో శతాబ్దిలో మొదలైనది కాదు. ధర్మశాస్త్రాలు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో ‘సంభూయ సముత్థానం’ ఒకటి. పలువురు కలిసి ఒక కార్యానికి పూనుకోవడం అని దాని అర్థం. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఈ ప్రకరణం వర్తకుల గురించి కాక, యజ్ఞంలో దక్షిణను ఋత్విజులు ఎలా పంచుకోవాలన్న ప్రశ్నతో మొదలవుతుంది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం దీనిని నేరుగా వణిజులకు అన్వయించింది. లాభనష్టాలు పెట్టిన సొమ్మును బట్టి గాని, ముందు చేసుకున్న ఒప్పందాన్ని బట్టి గాని పంచుకోవాలి. తక్కినవారు వద్దన్న పని చేసి గాని, అజాగ్రత్త వల్ల గాని నష్టం తెచ్చినవాడు దానిని భర్తీ చేయాలి. ఆపదలో సరుకును కాపాడినవానికి పదోవంతు దక్కాలి. వంచకుణ్ని లాభం లేకుండా తొలగించాలి. ఇవీ అందులోని నియమాలు. ప్రకరణం చివర ఇదే విధి ఋత్విజులకు, కర్షకులకు, పనివారికి కూడా వర్తిస్తుందని స్మృతి చెబుతుంది.

ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్య కల్యాణి చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలానిది. మితాక్షరను పదమూడో శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు పద్యంలోకి తెచ్చాడు. తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతనే వ్యవహార ధర్మాన్ని తెలుగువారికి అందించాడనడం సాహిత్య చరిత్రలో తరచూ ఒక వాక్యంతో ముగిసే విషయం. వాణిజ్య పరిభాష దృష్ట్యా దానికి అంతకంటె ఎక్కువ ప్రాధాన్యం ఉంది. నేటి పాఠంలోని అవిభక్త కుటుంబ వ్యాపారం, అందులోని ‘కర్త’, పుట్టుకతో వచ్చే హక్కు మితాక్షర సంప్రదాయం నుండి వచ్చినవే. ఆ సంప్రదాయంలోని ఈ భాగాన్ని ఆధునిక పాఠం స్వీకరించింది. కర్షకునికీ పనివానికీ భాగస్వామ్య విధిని వర్తింపజేసిన భాగం పాఠంలోకి రాలేదు. 1932 చట్టం కూడా లాభంలో వాటా పొందినంత మాత్రాన పనివాడు భాగస్వామి కాడని స్పష్టం చేసింది.

‘యజమాని’ అన్న మాట చరిత్ర కూడా ఇక్కడే ఉంది. యజమానుడంటే యజ్ఞం చేయించేవాడు. వ్యయం అతనిది, ఫలమూ అతనిది. ఋత్విజులది కర్మ, వారికి దక్కేది దక్షిణ. వ్యయం భరించేవానికే ఫలం చెందుతుందన్న న్యాయం ఆ పదంలోనే ఉంది. ‘కూలి’ ద్రావిడ పదం. మొదట అది మనిషి పేరు కాదు, పనికి ఇచ్చే ప్రతిఫలం పేరు. యజమాని అన్న మాటలో వ్యయమూ ఫలమూ రెండూ ఉన్నాయి. కూలి అన్న మాటలో రెండూ లేవు. ఈ రెండు కొసల నడుమ మూడో స్థానం ఒకటి ఉందని చెప్పే మాట ఆసామి. దానిని అర్థం చేసుకోవడానికి ముందు, ఈ పరిసరాలలో కంపెనీ, బీడీ ఠేకా ఎలా పనిచేశాయో చూడాలి.

3. ముత్యంపేట: కంపెనీ గోడ బయటి రైతు

పాఠంలో కంపెనీ అత్యంత పరిణత రూపం. దానికి సభ్యులతో సంబంధం లేని అస్తిత్వం, చిరకాల మనుగడ, పరిమిత ఋణబాధ్యత ఉంటాయి. ఈ పరిసరాలలో దానికి ప్రధాన ఉదాహరణ నిజాం షుగర్స్. 1937లో బోధన్‌లో ఆరంభమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థగా కొనసాగింది. ముత్యంపేట యూనిట్ మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల చెరకుకు ఆధారమైంది. 2002లో బోధన్, ముత్యంపేట, మెదక్ ప్రాంతపు ముంబోజిపల్లి యూనిట్లు నిజాం దక్కన్ షుగర్స్ అనే సంయుక్త సంస్థ కిందికి వెళ్ళాయి. అందులో 51 శాతం ప్రైవేటు భాగస్వామిది, 49 శాతం ప్రభుత్వానిది. 2015 డిసెంబరులో మూడు యూనిట్లూ మూతపడ్డాయి.

ఈ చరిత్రను పాఠ్య ప్రమాణాలతో వివరించడం తేలికే. ప్రభుత్వ సంస్థ సంయుక్త సంస్థ అయింది, తరువాత మూతపడింది. కాని ఈ వివరణలో చెరకు రైతు ఎక్కడా కనిపించడు. చక్కెర పరిశ్రమలో రైతుకూ ఫ్యాక్టరీకీ మధ్య ఉన్నది సాధారణ అమ్మకం కొనుగోలు సంబంధం కాదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ఒక్కొక్క ఫ్యాక్టరీకి చెరకు ప్రాంతాన్ని కేటాయించే అధికారాన్ని కల్పించింది. చెరకు కోసిన వెంటనే గానుగకు చేరకపోతే చక్కెర శాతం పడిపోతుంది. కాబట్టి దగ్గరి ఫ్యాక్టరీ తప్ప రైతుకు వేరే మార్గం ఆచరణలో ఉండదు. ఎప్పుడు నాటాలి, ఎప్పుడు కోయాలి అన్నవి ఫ్యాక్టరీ క్రషింగ్ కాలాన్ని అనుసరిస్తాయి. ప్రణాళిక ఫ్యాక్టరీది, భూమీ పెట్టుబడీ రైతువి. నిర్వహణశాస్త్రం చెప్పే ప్రణాళిక, సమన్వయం అనే విధులు ఫ్యాక్టరీ గోడ దాటి పొలంలోకి వెళ్ళాయి. పరిమిత ఋణబాధ్యత మాత్రం గోడ లోపలే నిలిచిపోయింది. మూతపడినప్పుడు వాటాదారు నష్టానికి వాటా మేరకు హద్దు ఉంది. చెరకు వేసిన రైతు నష్టానికి అటువంటి హద్దు లేదు. కొందరు చెరకును దూరపు ఫ్యాక్టరీలకు తరలించారు, ఎందరో వరికి మళ్ళారు.

2015లోనే ఫ్యాక్టరీలను మహారాష్ట్ర తరహాలో రైతుల సహకార సంఘాలకు అప్పగించాలన్న ప్రతిపాదన వచ్చింది. అది ఆచరణకు రాలేదు. అంతకాలం యాజమాన్యంలో గాని, నిర్ణయాలలో గాని చోటు దక్కని రైతుకు, సంస్థ కష్టాలలో ఉన్నప్పుడు యాజమాన్యం ఇవ్వజూపడమన్నది ఆ ప్రతిపాదనలోని వైపరీత్యం. సంస్థ రూపం మారితే చాలదు, నష్టాన్ని ఎవరు మోస్తూ వచ్చారన్న లెక్క ముందు తేలాలని ఈ ఘట్టం తెలుపుతుంది.

4. బీడీ ఠేకా: చట్టం గుర్తించిన ఇల్లు

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పరిసరాలలో బీడీ చుట్టడం ప్రధానంగా స్త్రీల జీవనాధారం. తునికాకు, తంబాకు, దారం తీసుకువెళ్ళి ఇంటి వద్ద బీడీలు చేసి కార్ఖానాలో అప్పగిస్తారు. వెయ్యి బీడీల లెక్కన కూలి కడతారు. ముడిసరుకు బీడీ కంపెనీది, పని ఇంటిది, మధ్యలో ఠేకేదారు ఉంటాడు. ఐరోపాలో యంత్రాగారాలకు ముందు వర్తకులు ఇళ్ళకు నూలు పంపి బట్ట నేయించిన పద్ధతికీ, బెంగాలులో ఈస్టిండియా కంపెనీ 1753 వరకు వర్తకుల ద్వారా నడిపిన ‘దాదని’ బయానా పద్ధతికీ ఇది సమీప బంధువు.

పాఠ్య వర్గీకరణ ప్రకారం ఈ స్త్రీ ఎవరు? ఆమె కంపెనీ ఆవరణలో పనిచేయదు, కాబట్టి ఉద్యోగి కాదని వాదించవచ్చు. పనివేళలు తానే నిర్ణయించుకుంటుంది కాబట్టి సొంత వృత్తిదారు అని కూడా అనవచ్చు. బీడీ ఉత్పత్తిదారుల వాదన దీర్ఘకాలం ఇదే ధోరణిలో సాగింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఈ వాదనకు తెర దించింది. యజమాని నుండి గాని ఠేకేదారు నుండి గాని ముడిసరుకు తీసుకొని ఇంటి వద్ద పనిచేసే వ్యక్తిని అది ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. ఈ చట్టాన్ని సవాలు చేసిన మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 1977లో భవిష్యనిధి పథకం ఈ పరిశ్రమకు విస్తరించింది. తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం ప్రకటించిన బీడీ కార్మికుల జీవనభృతికి భవిష్యనిధి ఖాతానే ప్రమాణమైంది. చట్టం ఇచ్చిన పేరు ఒక స్త్రీ బతుకులో ఎంత భేదం తెస్తుందో చెప్పడానికి ఇది చాలు.

1937లో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త సంస్థ స్వభావాన్ని చర్చిస్తూ వేసిన ప్రశ్న ఇక్కడ ఉపకరిస్తుంది. ఒక పనిని సంస్థ తన లోపల చేయించుకోవడమా, బజారులో కొనుక్కోవడమా అన్నదానిని బట్టి సంస్థ హద్దు ఏర్పడుతుంది. బీడీ పరిశ్రమలో కంపెనీలు ఆ హద్దును ఠేకేదారు వద్ద గీశాయి. చట్టం దానిని ఇంటి గడప దాకా జరిపింది. సిరిసిల్లలో ఆ హద్దును ఎవరూ జరపలేదు.

5. సిరిసిల్ల: ఆసామి అనే నడిమి స్థానం

సిరిసిల్ల పద్మశాలీలకు భివండి, షోలాపూర్, సూరత్‌లతో వలస సంబంధాలు ఉన్నాయి. చేతిమగ్గం స్థానంలో ‘సాంచా’గా పిలిచే మరమగ్గం స్థిరపడిన క్రమంలో అక్కడ మూడంచెల అమరిక ఏర్పడింది. నూలు కొని, బట్ట అమ్మేవాడు యజమాని. కొన్ని సాంచాలు సొంతంగా ఉండి, యజమాని ఇచ్చిన బీములతో బట్ట నేయించి, మీటరు లెక్కన కూలి తీసుకునేవాడు ఆసామి. ఆసామి వద్దో యజమాని వద్దో సాంచాలు నడిపి, మీటరుకో పిక్కులకో కూలి పొందేవాడు కార్మికుడు. వీరికి తోడు వార్పిన్, వైపని కార్మికులు ఉంటారు. ఆసామి పొందేదానికీ కార్మికుడు పొందేదానికీ వ్యవహారంలో ఒకే పేరు, కూలి. సాంచాల స్వామ్యం ఉన్నా ఆసామి ఆదాయం కూలియే కాని లాభం కాదన్న సత్యాన్ని ఈ భాష దాచలేదు.

పాఠ్య వర్గీకరణలో ఆసామి సొంత వ్యాపారి. ఆస్తి అతనిది, అప్పు అతనిది, ఋణబాధ్యత అపరిమితం. అయితే సొంత వ్యాపారికి పాఠం ఆపాదించే గుణాలలో రెండు అతనికి లేవు. ఒకటి నిర్ణయ స్వాతంత్ర్యం, రెండోది లాభంపై పూర్తి హక్కు. ఏ రకం బట్ట నేయాలో, ఎంత నేయాలో యజమాని నిర్ణయిస్తాడు. బట్ట ధర పెరిగినా ఆసామి కూలి దానంతట అది పెరగదు. ధర పడిపోతే బీములు ఆగిపోతాయి. అప్పుడు సాంచాల మీది అప్పు, వాటి మరమ్మతు, కరెంటు బిల్లు, షెడ్డు కిరాయి ఆసామివే. సొంత వ్యాపారి మోసే నష్టమంతా అతను మోస్తాడు, సొంత వ్యాపారికి దక్కవలసిన లాభం అతనికి దక్కదు. సిరిసిల్లను వార్తలలో నిలిపిన నేతన్నల ఆత్మహత్యలను ‘అప్పుల బాధ’ అన్న రెండు మాటలతో ముగించడం పరిపాటి. ఆ అప్పు ఏ సంస్థా సంబంధంలో పుట్టిందన్న ప్రశ్నకు పాఠ్య పరిభాషలో జవాబు దొరకదు. సొంత వ్యాపారంలో నష్టభయం సహజమని మాత్రమే పాఠం చెప్పగలదు.

ఆసామి అన్న పదచరిత్ర ఈ స్థానాన్ని మరింత స్పష్టం చేస్తుంది. అరబ్బీలో ‘ఇస్మ్’ అంటే పేరు, దాని బహువచన రూపాలలో ‘అసామీ’ ఒకటి. భూమిశిస్తు లెక్కలలో పేరు నమోదైన రైతు ఆసామి అయ్యాడు. కోస్తా తెలుగులో ఈ మాట కలిగిన మనిషికి, మోతుబరికి చెల్లింది. హైదరాబాదు రాజ్యంలో దీనికి ప్రత్యేకమైన చట్టచరిత్ర ఉంది. పట్టాదారు కింద సాగుచేసే కౌలు రైతును ‘ఆసామీ షిక్మీ’ అనేవారు. దీర్ఘకాలం సాగులో ఉన్న అటువంటి రైతుకు రక్షణ కల్పిస్తూ 1354 ఫసలీలో, అంటే 1945 ప్రాంతంలో, ఆసామీ షిక్మీల చట్టం వచ్చింది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అన్న భావనతో దానిని ముందుకు తీసుకుపోయింది. ఇతరుని సొమ్ముపై ఆధారపడి తన శ్రమతో ఉత్పత్తి చేసే మనిషిగా భూమి మీద ఆసామిని చట్టం గుర్తించింది. అదే మాట సాంచాల షెడ్డులోకి వచ్చినప్పుడు మాట వచ్చింది గాని రక్షణ రాలేదు. భూమి మీది ఆసామికి భూమి తనది కాదు, అందుకే చట్టం అతణ్ని బలహీనునిగా చూసింది. షెడ్డులోని ఆసామికి సాంచా తనదే, అందుకే అతణ్ని సొంతదారునిగా చూసి వదిలేసింది. యాజమాన్యమే ఏకైక ప్రమాణమైనప్పుడు జరిగే పొరపాటు ఇది.

నిర్వహణశాస్త్రం దృష్టిలోనూ ఈ స్థానం విచిత్రమైనది. హెన్రీ ఫేయోల్ 1916లో ప్రతిపాదించిన సూత్రాలలో అధికారం, బాధ్యత సరితూగాలన్నది ఒకటి. ఆసామి విషయంలో అధికారం యజమాని వద్ద, బాధ్యత ఆసామి వద్ద ఉన్నాయి. టేలర్ 1911లో ప్రకటించిన శాస్త్రీయ నిర్వహణ ఆలోచననూ పనినీ వేరుచేసి, ఆలోచనను నిర్వాహకునికి అప్పగించింది. కాని ఆ విభజన కర్మాగారం లోపల, యంత్రాల ఖర్చు యజమాని భరించే చోట జరిగింది. సిరిసిల్లలో ఆలోచన వేరయింది, యంత్రాల ఖర్చు మాత్రం పనిచేయించేవాని మీదే నిలిచింది.

6. సహకారం: ఒకే పేరు, భిన్న చరిత్రలు

ఈ సమస్యకు పాఠం సూచించే పరిష్కారం సహకార సంఘం. 1844 నాటి రోచ్‌డేల్ సంఘం నుండి వచ్చిన ‘ఒక సభ్యునికి ఒక ఓటు’ సూత్రం దాని ప్రాణం. పూర్వపు కరీంనగర్ జిల్లా సహకార చరిత్రలో సంపన్నమైనది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో ఏర్పడిన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పరపతి ఇవ్వడంతో ఆగలేదు. పంట కొనుగోలు, శుద్ధి, అమ్మకం కూడా చేపట్టింది. అక్కడి స్త్రీల పాడి సంఘం ‘స్వకృషి’ పేరుతో సొంత అంగడిని సంపాదించుకుంది. సిరిసిల్లలో 1970లో పని ప్రారంభించిన సహకార విద్యుత్ సరఫరా సంఘం – ‘సెస్’ – 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశంలో ప్రోత్సహించిన తొలి అయిదు సంఘాలలో ఒకటి. అందులో కరెంటు వినియోగదారులే సభ్యులు, వారే డైరెక్టర్లను ఎన్నుకుంటారు.

ఒకే పట్టణంలో సాంచాకు కరెంటు సహకార పద్ధతిలో వచ్చింది, సాంచాకు నూలు మాత్రం యజమాని పద్ధతిలో వచ్చింది. ఆసామి కరెంటు తీగ వద్ద సభ్యుడు, ఓటరు. బీము వద్ద అతనికి ఏ ఓటూ లేదు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీని సిరిసిల్లకు అప్పగించినప్పుడు, ఆర్డర్లు పరస్పర సహాయ సహకార సంఘాలకూ చిన్నతరహా యూనిట్లకూ పంచబడ్డాయి. ఆ కొన్నేళ్ళు పని నిలకడగా దొరికింది, కూలి పెరిగింది. అయితే ఈ సంఘాలు ప్రధానంగా ఆర్డరును పంచుకునే పాత్రలయ్యాయి. ముల్కనూరు వలె నూలు కొనుగోలు నుండి అమ్మకం దాకా సొంత అంగడిని కట్టుకునే అవకాశం వాటికి తక్కువ. కొనేవాడు ఒక్కడే కావడంతో, 2023 తరువాత ఆ ఆర్డరు ఆగినప్పుడు సాంచాలూ ఆగాయి. మహిళా సంఘాల సభ్యుల కోసం చీరల ఆర్డరు తరువాత వచ్చినా, కొనుగోలుదారు ఒక్కడే అన్న స్థితి మారలేదు.

ముల్కనూరు, సెస్, చీరల సంఘాలు మూడూ సహకార సంఘాలే. మొదటిదానిలో సభ్యుడు నష్టభయాన్ని తక్కిన సభ్యులతో పంచుకుంటాడు. రెండోదానిలో సేవను పంచుకుంటాడు. మూడోదానిలో ఆర్డరును పంచుకుంటాడు, నష్టభయాన్ని మాత్రం ఒంటరిగానే మోస్తాడు. పాఠ్య వర్గీకరణ ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలుస్తుంది. నష్టం ఎవరిదన్న ప్రశ్న వేస్తే తప్ప వాటి భేదం తెలియదు.

7. ఒక ఆక్షేపణ, సమాధానం

తొలి సంవత్సరపు పాఠం ప్రవేశిక మాత్రమేననీ, చట్టం గుర్తించిన రూపాలకు అది పరిమితం కావడం సహజమనీ ఆక్షేపించవచ్చు. ఆసామి వంటి స్థానిక స్థానాలను చేర్చుకుంటూ పోతే ప్రతి జిల్లాకూ ఒక పాఠ్యపుస్తకం కావలసి వస్తుందన్న సందేహమూ సమంజసమే. కానీ ఆసామి స్థానం సిరిసిల్లకే పరిమితం కాదు. యాప్ ఆధారంగా సొంత వాహనం నడిపే నగర చోదకుడు, కంపెనీ ఇచ్చిన కోడిపిల్లలను సొంత షెడ్డులో పెంచే రైతు, కంపెనీ ఒప్పందంతో విత్తనపంట వేసే రైతు ఇదే స్థానంలో ఉన్నారు. వారు యంత్రానికీ భూమికీ సొంతదారులు, నిర్ణయానికీ ధరకూ కారు. ఈ రూపానికి పేరు లేకపోవడం స్థానిక లోపం కాదు, శాస్త్ర లోపం. పేరు తెలుగులో ఇప్పటికే ఉంది.

ముగింపు

కథలాపూర్ పరిసరాల చరిత్ర మూడు విషయాలను స్థాపిస్తుంది. మొదటిది, సంస్థల రూపాల అధ్యాయంలో యాజమాన్యం, పెట్టుబడి, ఋణబాధ్యత, మనుగడ అనే ప్రమాణాలకు తోడు ‘నిర్ణయం ఎవరిది, నష్టం ఎవరిది’ అన్న అయిదో ప్రమాణం అవసరం. దానితో ముత్యంపేట రైతు, కోరుట్ల బీడీ కార్మికురాలు, సిరిసిల్ల ఆసామి ముగ్గురూ పాఠంలోకి వస్తారు. రెండోది, పరిభాషా నిర్మాణం సంస్కృత పదసృష్టితో పూర్తి కాదు. ఆసామి, ఠేకా, కూలి, సాంచా వంటి వృత్తిపదాలను వాటి చట్టచరిత్రతో, ప్రాంతీయ అర్థభేదాలతో నమోదు చేసే వాణిజ్య పదకోశం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. వాణిజ్యశాఖలు ఒంటరిగా దీనిని చేయలేవు. మూడోది, కర్షకునికీ పనివానికీ భాగస్వామ్య విధిని వర్తింపజేసిన ధర్మశాస్త్ర భాగాన్ని విజ్ఞానేశ్వరీయ అధ్యయనం ఈ కోణం నుండి తిరిగి పరిశీలించాలి.

భూమి మీది ఆసామికి 1945 ప్రాంతంలో చట్టం వచ్చింది, బీడీ చుట్టే ఇంటికి 1966లో వచ్చింది. రెండు సందర్భాలలోనూ చట్టం ముందుగా చేసిన పని ఆ మనిషి స్థానానికి పేరు పెట్టి నిర్వచించడం. సాంచాల ఆసామికి వ్యవహారం పేరు పెట్టి దశాబ్దాలు గడిచాయి. శాస్త్రం ఆ పేరును స్వీకరించి నిర్వచించవలసి ఉంది. ఆ నిర్వచనం పాఠంలో చేరిన రోజున కథలాపూర్ విద్యార్థి సొంత వ్యాపారానికి ఉదాహరణ రాయమన్న ప్రశ్నకు ఆసామి పేరు రాయడు. ఆసామి ఎందుకు సొంత వ్యాపారి కాడో రాయగలుగుతాడు.